గంగిరెద్దుకు తోడు కావలెను

విశాఖపట్నంలో, మేడెక్కితే సముద్రం కనిపించే ఇంట్లో ఉంటూ, బకెట్ల కొద్దీ ఉప్పు కొని, ఆర్వో నీళ్ళలో కలుపుకుని సొంతంగా సముద్రం తయారుచేసుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే మా ఇంటికి రండి. చెప్పులు గుమ్మం బయటే విప్పండి. కాలింగ్ బెల్లు కొట్టకండి, వైరు ఎప్పుడో పీకేశాం. హాల్లోకి అడుగుపెట్టాక నవ్వొచ్చినా దగ్గొచ్చినా చెయ్యి అడ్డం పెట్టుకోండి. ఎందుకో చెబుతాను.

లీటరు నీటికి 35 గ్రాముల లెక్కన మా 700 లీటర్ల ట్యాంకు నిండటానికి పాతిక కిలోల ఉప్పు పట్టింది. వంటుప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ సముద్రంలో ఉన్న పాళ్ళలో కలిపి అమ్మే ఉప్పు ఉంటుంది, అదే వాడాలి. ఆపైన నీళ్ళు మార్చినప్పుడల్లా మళ్ళీ కిలోల లెక్క. “ఎదురుగా అంతుంటే చాలదా మాస్టారూ?” అని పాలబ్బాయి దగ్గర్నుంచి అందరూ అడిగారు. ఓడరేవున్న ఊళ్ళో ఒడ్డు నీళ్ళలో నూనె ఉంటుంది, మురుక్కాలవ ఉంటుంది, కంటికి కనిపించని జీవాలుంటాయి, గాజు పెట్టెలోకి తెస్తే అవన్నీ వెంట వస్తాయి అని విడమరిచి చెప్పాను. అంతా విని మా ఆవిడ వైపు జాలిగా చూసి వెళ్ళిపోయారు.

ఇదంతా ఒక్క చేప కోసం. దాని పేరు లాంగ్‌హార్న్ కౌఫిష్. పసుప్పచ్చగా, నాలుగు పలకలుగా, కళ్ళ పైన రెండు కొమ్ములు, తోక కింద మరో రెండు, ఎవరో బుగ్గలు నొక్కి పట్టుకున్నట్టు ముందుకొచ్చిన మూతి. ఆరు కోణాల ఎముక బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని ఒళ్ళంతా గట్టి డొల్లలా ఉంటుంది కాబట్టి నడుం వంగదు. చిన్న చిన్న రెక్కలు టపటపలాడించుకుంటూ పెట్టె పెట్టెగానే కదులుతుంది. మా అత్తగారు చూసీ చూడగానే “గంగిరెద్దు” అన్నారు. అంతటితో నామకరణం అయిపోయింది. లిన్నేయస్ 1758లోనే దీన్ని శాస్త్ర గ్రంథానికెక్కించాడట. మా ఇంట్లో మాత్రం ఆ పేరు చెల్లలేదు.

మేనల్లుడి పెళ్ళికి చెన్నై వెళ్ళి, తాళి కట్టగానే జారుకుని, కొలత్తూరు చేపల బజారుకు పోయాను నేను. అప్పటికింకా అది బొటనవేలంత. నన్ను చూసి నీళ్ళపైకొచ్చి పుచుక్కుమని నీళ్ళు ఉమ్మింది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన నా ముఖాన ఉమ్మే ధైర్యం అంతకుముందు ఏ జీవికీ లేదు. ముచ్చటేసింది. “శాంతమైన చేప సార్, ఎవర్నీ ఏమీ అనదు” అన్నాడు షాపతను. అందులో అక్షరం అబద్ధం లేదు. ఇది కరవదు, తరమదు, హద్దుల కోసం కొట్లాడదు. ఇసక మీదికి నోటితో నీళ్ళు ఊది, కింద దాక్కున్న పురుగూ పుట్రా బయటపడితే ఏరుకు తింటుంది. కాకపోతే భయపడినా, నొప్పి కలిగినా, విసుగెత్తినా ఒంటిమీది జిగురులోంచి విషం వదుల్తుంది. అది అతను చెప్పలేదు. నేనూ అడగలేదు. “శాంతమైన” అన్నాక ఇంకేం అడుగుతాం?

ఆ విషం సంగతి ఇంటికొచ్చాక మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోన్లో చెప్పింది. 1967లో బాయ్లన్, షోయర్ అనే ఇద్దరు హవాయిలో ఇదే కుటుంబానికి చెందిన పెట్టె చేప జిగురులోంచి దాన్ని విడదీసి, పహుటాక్సిన్ అని పేరుపెట్టి ‘సైన్స్’ పత్రికలో అచ్చువేశారు. బుడగచేపల్లో ఉండే టెట్రోడోటాక్సిన్ వేరు. అది లోపల ఉంటుంది, తిన్నవాడికే ప్రమాదం. ఇది అలా కాదు. కొవ్వు ఆమ్లానికి కోలీన్ తగిలించిన సబ్బు లాంటి పదార్థం. నీళ్ళలో కలిసి పక్క చేపల మొప్పల మీద పనిచేస్తుంది, ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. సముద్రంలో అయితే పెద్ద చేప మింగబోయి కక్కేస్తుంది, విషం అలల్లో పలచబడిపోతుంది, ఎవరి దారిన వారు పోతారు. నాలుగు గాజు పలకల మధ్య ఎక్కడికి పోతుంది? తోటివాళ్ళు పోతారు. ఒక్కోసారి వదిలింది కూడా పోతుంది.

“అంటే అలిగి ఇంటిల్లిపాదినీ చంపుతుందన్న మాట” అంది మా ఆవిడ.

అప్పటికే నేను దాని గొప్పలు ఊరంతా చెప్పుకుని ఉన్నాను. 2005లో మెర్సిడెస్ బెంజ్ వాళ్ళు ఈ పెట్టె చేపల్లో ఒకదాన్ని చూసి ‘బయానిక్’ అనే నమూనా కారు తయారుచేశారనీ, గాలి దానికి అడ్డం పడేది చాలా తక్కువనీ, ఆ గుణకం 0.19 అనీ, కారు లేని మనిషిని కంఠతా పట్టి అప్పజెప్పాను. మా అమ్మాయి ఊరుకోకుండా 2015లో వచ్చిన మరో పరిశోధన పంపింది. పెట్టె చేపకు నీటిలో పడే అడ్డు నిజానికి ఎక్కువేననీ, ఆ ఆకారం ఈతలో నిలకడ ఇవ్వకపోగా ఉన్నది తీసేస్తుందనీ అందులో తేల్చారు. “పోన్లెండి, బెంజ్ వాళ్ళూ ముఖం చూసే మోసపోయారు” అని మా ఆవిడ ఓదార్చింది.

ఒంటరిగా ఉంచితే గొడవే లేదు. ఆ మాట మా ఆవిడ మొదటి రోజే అంది. కానీ 700 లీటర్ల నీళ్ళు, నా రిటైర్మెంటు డబ్బులో మంచి వాటా, ఏసీ లేని ఇంట్లో ఆ నీటిని మాత్రం 26 డిగ్రీల దగ్గర నిలిపే చిల్లరు, వీటన్నిటి మధ్య ఒక్కటే ఒక్క చేప ఇసక ఊదుకుంటూ తిరుగుతుంటే, చూడవచ్చినవాళ్ళు “మిగతావి పోయాయా?” అని పరామర్శించేవారు. ఆ పరామర్శ భరించలేక తోడు వెతకడం మొదలుపెట్టాను. రూళ్ళ పుస్తకం కొని, స్కూల్లో హౌస్ టీములు విడదీసినట్టు గళ్ళు గీశాను. పొడవు, నోటి సైజు, స్వభావం, తిండి, నడక. నడక అనే గడి చేపలకెందుకని మా ఆవిడ అడిగింది. అలవాటు.

మొట్టమొదటి దరఖాస్తు గాజువాక నుంచి మా బావమరిది తెచ్చాడు. “బావగారూ, నా దగ్గర ట్రిగ్గర్‌ఫిష్ ఉంది, ఊరికే ఇచ్చేస్తాను.” మా బావమరిది ఊరికే ఇచ్చే వస్తువు గురించి విచారించాలని పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్నాను. విచారిస్తే అతని ట్యాంకులో దాని పక్కన ఇంకెవరూ మిగల్లేదని తెలిసింది. పీత డిప్పల్ని పటపటా పగలగొట్టే పళ్ళు దానివి. నెమ్మదిగా కదిలే గంగిరెద్దు రెక్కలు, పొడుచుకొచ్చిన కొమ్ములు దానికి కొరుక్కోవడానికే పెట్టినట్టు కనిపిస్తాయి. ఒక్క కొరుకు చాలు, అందరికీ తద్దినమే. కొట్టేశాను. బుడగచేపలదీ అదే వరస, వాటికీ పక్కవాళ్ళని రుచి చూసే గుణం ఉంది. నీలంగా మెరిసే డామ్సెల్ చేపలు ఉంగరం వేలంతే ఉంటాయి కానీ, రాయిలో ఒక మూల తమదని తీర్మానించుకుంటే పదింతలున్నవాణ్ణి కూడా తరుముతాయి. కొట్టేశాను.

మనవరాలు ‘డోరీ’ కావాలంది. డోరీ అంటే బ్లూ టాంగ్. తోక మొదట్లో రెండు వైపులా కత్తి లాంటి ముల్లు, ఉలిక్కిపడే స్వభావం, వేసిన మేత మన గంగిరెద్దు మూతి తిప్పేలోగా ఊడ్చిపెట్టే వేగం. కౌఫిష్ రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా, నిదానంగా తినాలి. పోటీలో నెగ్గే జన్మ కాదది. “తాతయ్యా, మీరు పరుగుపందేల్లో ఫాస్టుగా వెళ్ళేవాళ్ళకే కదా ప్రైజులిచ్చేవారు?” అంది ఆ పిల్ల. అవునమ్మా, ఇచ్చాను.

ఇక క్లీనర్ రాస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దాన్ని నేను దాదాపు ఖాయం చేసుకున్నాను. పగడపు దిబ్బల్లో దీనిదొక శుభ్రం చేసే కొట్టు ఉంటుంది. పెద్ద పెద్ద చేపలు అక్కడికొచ్చి నోళ్ళు తెరుచుకుని నిలబడతాయి. ఇది వాటి ఒంటిమీది పరాన్న జీవుల్నీ, చచ్చిన చర్మాన్నీ ఏరి తింటుంది. ఇంతటి సేవకుడు ఎవరికి చేటు చేస్తాడు? గళ్ళ పుస్తకంలో స్వభావం దగ్గర “ఉత్తమం” అని రాసేశాను కూడా. అసలు చిక్కు అక్కడే ఉందట. దిబ్బలో అయితే శుభ్రం చేయించుకోదలచిన చేప అక్కడికి వెళ్తుంది, చాలనుకున్నప్పుడు వచ్చేస్తుంది. ట్యాంకులో ఆ వీలు లేదు, ఉన్న ఒక్క ఖాతాదారు వెంట సేవకుడు పొద్దస్తమానం పడతాడు. మా పెద్దక్క ఇంట్లో భోజనానికి కూర్చుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తుంది చూడండి, అలాగ. జిగురు పొరే రక్షణ, జిగురు పొరే విషం అయిన చేపకు గంటల తరబడి ఒళ్ళు పొడిపించుకోవడమంటే మామూలు సంగతా? శుభ్రం చేసే రొయ్యల్ని కూడా అందుకే వద్దన్నాను. పైగా వాటిని గంగిరెద్దు తినేసే అవకాశమూ ఉంది. సేవ చేసినవాణ్ణి తిని, ఆనక అలిగి విషం కక్కిందంటే నా గళ్ళ పుస్తకంలో దానికి గడి లేదు.

సముద్రపు గుర్రాలైతే నెమ్మదస్తులు కదా అన్నాడు బావమరిది, ఎవరి దగ్గరో ఉన్నాయట. నెమ్మదస్తులే. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి వాటికి రక్షణ ఉంది. బతికున్న పగడాలూ అంతే. చేపకు తోడు కోసం నేను జైల్లో తోడు వెతుక్కోవాలా?

చివరికి ఎవరు మిగిలారు? మొదటిగా క్లౌన్‌ఫిష్ జంట. మనవరాలు నీమో అంటుంది, 2003 సినిమా పుణ్యం. తమిళనాడులో మండపం దగ్గర సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళు వీటిని హేచరీలో పొదిగించి పెంచే పద్ధతి ఏనాడో సాధించారు కాబట్టి, దిబ్బల్లోంచి పట్టనవసరం లేకుండా పెంపుడు పిల్లలే దొరుకుతాయి. అవి ఇష్టపడే ఆనిమోన్ మాత్రం పెట్టలేదు. అది కుడుతుంది, మనవాడు తన పెట్టె ఒళ్ళు వేసుకుని తిన్నగా దానిమీదికే వెళ్తాడు. క్లౌన్‌ఫిష్‌లన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదిగా మారి పెత్తనం చేస్తుంది, అది పోతే దాని మొగుడే ఆడదై ఆ కుర్చీ ఎక్కుతాడు. ఈ సంగతి చెప్పగానే మా ఆవిడ ఇంకేమీ అడక్కుండా ఒప్పుకుంది.

తర్వాత బాంగై కార్డినల్‌ఫిష్‌లు. ఇండోనేషియాలో సులవేసి పక్కనున్న బాంగై దీవులు వీటి పుట్టిల్లు. అక్యూరియంల కోసం విచ్చలవిడిగా పట్టి అంతరించే ప్రమాదంలోకి నెట్టారు. అందుకే వీటిలోనూ పెంపకంలో పుట్టినవే తీసుకున్నాను. నీటిలో వేలాడదీసిన బొమ్మల్లా నిలబడి ఉంటాయి. తండ్రి గుడ్లను నోట్లో పెట్టుకుని, పిల్లలై బయటికొచ్చేదాకా వారాల తరబడి తిండి మానేసి, నోరు తెరవకుండా తిరుగుతాడు. “నోరు తెరవకుండానా?” అని మా అత్తగారు రెండుసార్లు అడిగి, నా వైపు చూశారు. ఇసకలో కూర్చుని దారి కాచే పచ్చ గోబీ ఒకటి. దానికి జోడీగా పిస్టల్ రొయ్యని కూడా ఇస్తామన్నారు. రొయ్య గుంత తవ్వుతుంది, గోబీ కాపలా కాస్తుంది, చూడముచ్చటైన పొత్తు. కానీ ఆ రొయ్య పటుక్కుమని గోలీ పేల్చినట్టు కొండి మోగిస్తుంది. చప్పుడు చేసేవాళ్ళు మా ఇంట్లో అప్పటికే ఒకరున్నారు.

ఆ ఒకరి కథ బయటపడింది కరెంటు పోయిన రాత్రి. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరు కదా, బ్యాటరీ గాలి పంపులు, ఇన్వర్టరు, అన్నీ ముందే అమర్చుకున్నాను. కరెంటు పోయి మళ్ళీ వచ్చేసరికి, ట్యాంకు నీళ్ళు శుభ్రం చేసే స్కిమ్మరు నిండా నురుగు పొంగుతోంది. విషం సబ్బు లాంటిదని చదివానా? నురుగు కనిపిస్తే ఇంకేముంది! విషం వదిలేసిందని బల్ల గుద్దినట్టు తెలిసిపోయింది నాకు. స్కిమ్మరు పనే నురుగు తియ్యడమనీ, ఆగి మళ్ళీ మొదలైతే ఎక్కువ పొంగడం మామూలేననీ అప్పుడు తోచలేదు. లైటు ఫట్‌మని వేశాను. “ఎవరూ కదలద్దు!” అని గ్రౌండంతా వినపడేలా అరిచాను. వేరే తొట్టిలో సిద్ధంగా ఉంచిన ఉప్పునీళ్ళు, విషాన్ని పీల్చే కార్బన్ సంచులు గోడ దగ్గరికి లాగి, వల పట్టుకుని స్టూలెక్కాను. ఈ చేపను వలతో గాలిలోకి ఎత్తకూడదు, నీళ్ళతో పాటే గిన్నెలోకి తీసుకోవాలి. ఈ ముక్క నా గళ్ళ పుస్తకం మొదటి పేజీలో, నా చేతిరాతతోనే ఉంది.

మా ఆవిడ వచ్చి ముందు లైటు ఆర్పింది. తర్వాత నా చేతిలో వల తీసుకుంది. “చేప బాగానే ఉంది. మీరే బాగా లేరు. కిందికి దిగండి” అంది. కార్బన్ సంచి ఒకటి మెల్లగా ట్యాంకు సంపులో వేసి, కుర్చీలో కూర్చుని ఊరుకుంది. గంగిరెద్దు మూలలోంచి బయటికొచ్చి, ఆవిడకెదురుగా అద్దానికి ఆనుకుని నిలబడింది.

మర్నాడు మా అమ్మాయి ఫోన్లో, ఇలాంటి చేప ఉన్న ఇంట్లో పాటించాల్సినవి ఏకరువు పెట్టింది. ఉన్నట్టుండి లైటు వెయ్యకూడదు, వెనకనుంచి పోకూడదు, వేళకి తిండి పడాలి, ఎదురు తిరిగేవాళ్ళని దగ్గర చేర్చకూడదు, కంగారుపడ్డట్టు కనిపిస్తే పట్టించుకోనట్టు పక్కకి తప్పుకోవాలి. “ఇవన్నీ నాకు ముప్పై ఏళ్ళుగా వచ్చు, నువ్వు నీ పని చూసుకో” అంది మా ఆవిడ. ఎలా వచ్చో నేను అడగలేదు. ఆ సాయంత్రం నా గళ్ళ పుస్తకంలో చివరి పేజీ మీద కొత్త పట్టిక కనిపించింది. ట్యాంకు లోపల ఎవరుండకూడదో నేను రాసుకున్నాను కదా, ట్యాంకు బయట ఎవరుండకూడదో ఆవిడ రాసింది. పొడవు అయిదడుగుల పది, నోటి సైజు పెద్దది, స్వభావం దగ్గర ఖాళీ, నడక దగ్గర “దడదడ”. పేరు రాయలేదు. ముగ్గురమున్న ఇంట్లో పేరెందుకు?

అప్పట్నుంచి మేత వేసే అధికారం అత్తగారిది. కార్తీకమాసంలో ఇది పెద్ద తగాదా అవుతుందనుకున్నాను. ఆ నెలంతా మా ఇంట్లో నీచు గడప తొక్కదు, గంగిరెద్దుకేమో గడ్డకట్టిన రొయ్య ముక్కలు తప్పనిసరి. ఆవిడ ఆలోచించి, “దానికి సముద్రస్నానం రోజూ అవుతోందిగా, దోషం లేదు” అని తీర్పిచ్చి, రొయ్యల పెట్టెకు వేరే చిన్న ఫ్రిజ్ కొనిపించారు. డబ్బులు నావి. గంగిరెద్దు పుంజుకుని ఇప్పుడు అరచేతిని మించింది. ప్రకృతిలో ఇవి 46 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. ట్యాంకులో అంత కాకపోయినా, ఈ 700 లీటర్లు చాలని రోజు రాక తప్పదు. ఆ మాట ఇంట్లో ఇంకా ఎత్తలేదు.

మొన్న రాజమండ్రిలో పెళ్ళికి ఇద్దరం వెళ్ళాల్సి వచ్చింది. అత్తగారు మోకాళ్ళ నొప్పులని రాలేదు. భోజనాలయ్యాక మనసాగక వీడియో కాల్ చేశాను. అవతల ఆవిడ ముక్కాలి పీట మీద కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంటున్నారు. వెనక అద్దంలో గంగిరెద్దు, దాని పక్కన క్లౌన్‌ఫిష్ జంట, కార్డినల్‌లు, అన్నీ ఆవిడ వైపే తిరిగి ఉన్నాయి. బ్యాండు మేళంలో వినపడదేమోనని, “అత్తయ్యగారూ! నీళ్ళ వేడి ఎంతుందో చూశారా? స్కిమ్మరు కప్పు నిండిందా?” అని కాస్త గట్టిగా అడిగాను.

“అన్నీ బాగున్నాయి బాబూ” అన్నారు ఆవిడ, గొంతు బాగా తగ్గించి. “మీరు ఫోను పెట్టేయండి. మీ గొంతు వినగానే అది రాయి వెనక్కి పోయింది.”